పెరట్లో గిరినాగు, పక్కలో కట్లపాము

పోయిన సంచికలో పాముల గురించి అడగండి అన్నాను. అడిగారు. ఉత్తరాల సంచి మోసుకొచ్చిన పోస్ట్‌మాన్ కూడా గుమ్మంలో నిలబడి ఒక ప్రశ్న వేసి వెళ్లాడు. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను అటవీ శాఖలో 32 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం తూర్పు కనుమల అంచునే గడిచింది. డాక్టరును కాను. అందుకే వైద్యం సంగతులను మా ఏరియా ఆసుపత్రి డాక్టరమ్మగారికి చదివి వినిపించాకే పంపుతున్నాను. ఆవిడ రెండు చోట్ల కొట్టేశారు కూడా.

ప్రశ్న: మాది మాడుగుల దగ్గర కొండ కింద ఊరు. జీడితోటలో వెదురు పొద పక్కన ఆకులు కుప్ప పోసినట్టు ఉంటే మా ఆడవాళ్లు ఊడ్చబోయారు. కుప్ప మీద చుట్ట చుట్టుకుని గిరినాగు (కింగ్ కోబ్రా) ఉంది. నిలువు మనిషి ఛాతీ ఎత్తుకు లేచిందట. ఊళ్లో కుర్రాళ్లు కిరోసిన్ పోసి తగలబెడదామంటున్నారు. జీడిపిక్కలు ఇంకా సగం చెట్ల కిందే ఉన్నాయి. ఏం చేయమంటారు?
— జీడి రైతు, అనకాపల్లి జిల్లా

జవాబు: అగ్గిపుల్ల గీయవద్దని మీ ఉత్తరం అందిన పూటే ఫోనులో చెప్పాను. మిగతాది అందరి కోసం ఇక్కడ రాస్తున్నాను. కొండ అంచు ఊళ్లలో వేసవి వచ్చిందంటే ఎవరో ఒకరికి ఇది ఎదురవుతూనే ఉంటుంది.

మీవాళ్లు ఊడ్చబోయిన కుప్ప గిరినాగు గూడు. గూడు కట్టి గుడ్లు పెట్టే పాము లోకంలో ఇదొక్కటే. చేతులు లేవు, కాళ్లు లేవు. ఒంటిని కొడవలిలా వంచి రాలిన ఆకులను తన వైపు ఈడ్చుకుంటుంది. అలా వందలసార్లు ఈడ్చి పోగు చేస్తుంది. అడుగున గుడ్లు, వాటి మీద ఆకుల పొర, ఆ పైన తల్లి. గుడ్లు 20 నుంచి 40 దాకా ఉంటాయి. పొదగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పిల్లలన్నీ వెళ్లిపోయాక నేనొకసారి అలాంటి గూడు విప్పి చూశాను. అప్పటికి నాలుగు మంచి వానలు పడ్డాయి. పై ఆకులు తడిసి, నల్లబడి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. జానెడు లోతుకు వెళితే ఆకులు పొడిగా, అప్పడాల్లా గలగలమన్నాయి. మా క్వార్టరు పైకప్పు ఆ ఏడాది మూడు చోట్ల కారింది.

ఇక మీ పిక్కల సంగతి. నా సర్వీసులో ఇలాగే ఒక తోటలో గూడు పడింది. చంపవద్దు అని చెప్పడానికి వెళ్లాను. ఆ రైతు నన్ను ఎగాదిగా చూసి, "సరే సార్, మరి పాముకు కౌలు ఎవరు కడతారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆ రోజు ఇద్దరం కలిసి గూటి నుంచి 30 అడుగులు లెక్కపెట్టి చుట్టూ కొబ్బరితాడు కట్టాం. తాడు లోపల నాలుగు చెట్లు పడ్డాయి. ఆ నాలుగింటి పిక్కలు వదులుకున్నాడు, మిగతా తోటంతా ఏరుకున్నాడు. తల్లి ఒక్కసారి కూడా తాడు దాటి మనుషుల మీదికి రాలేదు. గుడ్లు పగిలే రోజులు దగ్గరపడగానే తనంతట తనే వెళ్లిపోయింది. పాముల్ని తినే పాము కదా, తన పిల్లల పక్కన ఆకలితో ఉండకూడదని వెళ్లిపోతుందని మా పాత గార్డు ఒకాయన చెప్పేవాడు. నిజమో కాదో గానీ నాకు నచ్చిన మాట. తర్వాత మేం పెంకులు లెక్కపెట్టాం: 23. రెండు గుడ్లు మురిగిపోయాయి.

మీరూ అంతే చేయండి. అటవీ శాఖ బీటు అధికారికి చెప్పండి. తాడు కట్టండి. పిల్లల్ని, మేకల్ని, ముఖ్యంగా కుక్కల్ని అటు పోనివ్వకండి. పాము పిల్లలు బయటికి వచ్చే వారంలో శాఖవాళ్లు గూటి చుట్టూ వల కట్టి, వచ్చినవాటిని వచ్చినట్టు దగ్గరి అడవిలో వదులుతారు. రెండు జానల పొడవుండే, నల్లటి ఒంటి మీద పసుపు చారలున్న ఆ పిల్లలకు పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది, ముద్దొస్తున్నాయని ముట్టుకోకండి.

"తల్లిని పట్టి దూరంగా వదిలేయవచ్చు కదా" అని మీరు ఫోనులో అడిగారు. తల్లిని తీసేస్తే గూడు ముంగిసలదీ అడవిపందులదీ అవుతుంది. పైగా కర్ణాటకలోని ఆగుంబెలో గిరినాగులకు రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి గమనించారు. తన ప్రాంతం నుంచి దూరంగా తీసుకెళ్లి వదిలిన పాము ఒకచోట కుదురుకోలేక తిరుగుతూనే ఉంది. తెలియని చోట తిరిగే పాము ఇంకెవరి పెరట్లోనో తేలుతుంది. మీ పెరట్లో ఉన్నప్పుడు కనీసం ఎక్కడుందో మీకు తెలుసు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మన ఆసుపత్రుల్లో ఉండే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషాలతో తయారవుతుంది. గిరినాగు విషానికి అది సరిపడదు. గిరినాగు మనిషిని కరవడం చాలా అరుదు, కరిస్తే మాత్రం ఊపిరి నిలబెట్టే యంత్రం ఉన్న పెద్దాసుపత్రే దిక్కు. ఆ కిరోసిన్ కుర్రాళ్లకు ఈ పేరా గట్టిగా చదివి వినిపించండి.

ప్రశ్న: పామును చంపితే జైలు అంటున్నారు. ఇంట్లో దూరినా చంపకూడదా? మా ప్రాణాలకు విలువ లేదా?
— పాఠకుడు, నంద్యాల

జవాబు: ఉంది, చట్టంలోనే రాసి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం తన ప్రాణాన్నో ఎదుటివారి ప్రాణాన్నో కాపాడుకోవడానికి సద్బుద్ధితో చంపవలసి వస్తే అది నేరం కాదు. దారిన పోయే పామును వెంటపడి చంపడం వేరు. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పుడు గిరినాగు, నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పెద్దపులి ఉన్నదీ అందులోనే. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా, జరిమానా కనీసం 25,000 రూపాయలు.

వంటింట్లో పామును చూసి కర్ర ఎత్తిన ముసలమ్మ మీద నేను ఎన్నడూ కేసు రాయలేదు. చంపి, మెడలో వేసుకుని ఫొటో దిగినవాడి మీద రాశాను.

ప్రశ్న: మూడేళ్ల కిందట మా తోడికోడలి కొడుకు తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచాడు. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టించాం. తెల్లారేసరికి కళ్లు తెరవలేకపోయాడు, మాట ముద్దగా వచ్చింది. ఒంటి మీద వెతికితే ఎక్కడా గాటు లేదు. ఆసుపత్రిలో కట్లపాము కరిచిందన్నారు. వాడు బతికాడు. మళ్లీ వానలు మొదలయ్యాయి, ఇంటిల్లిపాదీ కిందే పడుకుంటాం. భయంగా ఉంది.
— గృహిణి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఈ సంచికలో నేను అందరికంటే ముందు చదవమనేది మీ ఉత్తరాన్ని. గిరినాగును చూడటానికి ఊరంతా పరుగెత్తుతుంది. ఏటా మనుషుల్ని చంపే కట్లపామును చాలామంది ఒక్కసారి కూడా చూసి ఉండరు.

కట్లపాము పగలు మహా మెతక. ముడుచుకుని తల దాచుకుంటుంది. రాత్రి దాని వేళ. ఎలుకల్నీ చిన్న పాముల్నీ వెతుక్కుంటూ గోడవారగా ఇంట్లోకి వస్తుంది. కింద పడుకున్నవాళ్ల పక్కలోకి, దుప్పటి మడతలోకి చేరుతుంది. నిద్రలో మనం ఒత్తిగిలితే కరుస్తుంది. కోరలు సన్నం, కాటు దోమ కుట్టినంతే. వాపు ఉండదు, రక్తం కారదు. చాలామంది లేవను కూడా లేవరు. తర్వాత కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టు ఉండటం, కనురెప్పలు వాలిపోవడం, ఆఖరికి ఊపిరి ఆడకపోవడం. డాక్టరమ్మగారు ఈ చోట పెన్నుతో రెండు గీతలు గీసి రాయమన్నారు: వానాకాలంలో కింద పడుకున్న మనిషి అర్ధరాత్రి దాటాక కారణం లేని కడుపునొప్పితో లేస్తే, కళ్లు మూతలు పడుతుంటే, గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి, 108కి ఫోను చేయండి.

ఇక భయానికి మందు దోమతెర. నవ్వకండి. నులక మంచమో మడత మంచమో వేసుకుని, దోమతెర కట్టి, అంచుల్ని పరుపు కిందికి గట్టిగా దోపండి. మంచాలు లేకపోతే చాప మీదే తెర కట్టి, అంచుల్ని చాప కిందికి నాలుగు వేళ్ల మేర మడవండి. దుప్పటి నేల మీదికి వేలాడకూడదు. అది పాముకు నిచ్చెన. పడుకునే గదిలో ధాన్యం బస్తాలు ఉంచకండి. కోళ్ల గంపను రాత్రి ఇంట్లో బోర్లించే అలవాటు ఉంటే మానండి. నేను చూసిన కట్లపాము ఇళ్లలో సగం ఇళ్లలో పడక గది మూలన బస్తా, బస్తా వెనక ఎలుక కన్నం ఉండేవి.

గోడ మీద పాకే చారల పామును చూసి కట్లపాము అని కంగారుపడకండి. అది చాలాసార్లు బల్లుల కోసం తిరిగే విషం లేని పాము. దాని చారలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు చెదిరిపోతాయి. కట్లపాముకు మెడ దగ్గర మసగ్గా, తోక వైపు కొట్టొచ్చినట్టుగా ఉంటాయి, జంటలు జంటలుగా. అయితే చారలు లెక్కపెట్టేంత దగ్గరికి వెళ్లవద్దు.

ప్రశ్న: ఇంటి చుట్టూ వెల్లుల్లి నీళ్లు, గంధకం, ఫినాయిల్ చల్లుతున్నాం. ఏది బాగా పనిచేస్తుంది?
— పాఠకురాలు, తెనాలి

జవాబు: మూడూ కొట్టువాడికి బాగా పనిచేస్తాయి. ఫినాయిల్ చల్లిన గడప మీదుగా నాగుపాము పొట్ట తడుపుకుంటూ లోపలికి వెళ్లడం కళ్లారా చూశాను. ఆ డబ్బుతో బోను కొని ఎలుకలు పట్టండి. స్నానాల గది తూముకు జాలీ బిగించండి. తలుపు కింద రెండు వేళ్లు పట్టే సందు ఉంటే చెక్క కొట్టించండి. పొయ్యి కట్టెలు, పిడకలు గోడకు ఆనించకుండా కాస్త దూరంగా, నేలకు ఎత్తుగా పేర్చండి. రాత్రి పెరట్లోకి వెళ్లేటప్పుడు టార్చిలైటు మరవకండి. ఇంట్లో ప్రతి ఫోనుకూ లైటు ఉంది, కానీ దొడ్డివైపు వెళ్లేటప్పుడు అది ఎవరికీ గుర్తుకు రాదు.

ప్రశ్న: మా బడి వెనక రెండు పాములు పెనవేసుకుని అరగంట సేపు నాట్యం చేశాయి. నాగుపాము, జెర్రిపోతు జత కట్టాయని ఊరివాళ్లు అన్నారు. కొందరు వాటి మీద కొత్త తువాలు వేసి ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టారు. పిల్లలకు ఏం చెప్పాలి?
— ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మన పత్రికలు ఏటా ఇదే ఫొటో వేసి, కింద "పాముల సయ్యాట" అని రాస్తాయి. మాస్టారూ, అది కుస్తీ. రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. నిలువెత్తు లేచి ఒకదాని తలను ఒకటి నేలకు వంచడానికి చూస్తాయి. వంగినది వెళ్లిపోతుంది. కరుచుకోవడం గానీ, చావడం గానీ ఉండవు. ఆడపాము ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటుంది, దానికి ఈ గొడవ పట్టినట్టు కనిపించదు. జెర్రిపోతుకు విషం లేదు. నాగుపాముతో జత కట్టదు, తోకతో కొట్టదు, ఆవు పాలు తాగదు. పొలంలో ఎలుకల్ని తింటుంది. ఇవన్నీ పిల్లలకు చెప్పండి. తువాలు సంగతి మాత్రం పెద్దల మనసు నొప్పించకుండా వదిలేయండి, దానివల్ల పాముకు నష్టం లేదు.

ప్రశ్న: గడ్డివాము తీస్తుంటే పదిహేను దాకా కొండచిలువ పిల్లలు బయటపడ్డాయి. మా అబ్బాయి ఒకదాన్ని సీసాలో వేశాడు. పెంచుకోవచ్చా?
— రైతు, పల్నాడు జిల్లా

జవాబు: ఈ ఉత్తరంతో పాటు వచ్చిన ఫొటో చూసి నా చేతిలో కాఫీ ఒలికింది. అవి రక్తపింజర పిల్లలు. సీసాను ముట్టుకోకుండా అటవీ శాఖవాళ్లను పిలవమని ఫోనులో చెప్పాను, వాళ్లు వచ్చి తీసుకెళ్లారు.

ఈ పొరపాటు చదువుకున్నవాళ్లే ఎక్కువగా చేస్తారు. కొండచిలువ ఒంటి మీద మచ్చలు పటంలో దేశాల్లా అడ్డదిడ్డంగా ఉంటాయి. రక్తపింజరకు వీపు పొడవునా మూడు వరసల్లో గొలుసు పేర్చినట్టు, నల్లటి అంచుతో కోలగా ఉంటాయి. తల త్రికోణం. దగ్గరికి వెళితే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది, ఆగకుండా. అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్క ఈతలో 20, 30, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వానల ముందు గడ్డివాములో అన్ని పిల్లలు ఒకేసారి కనిపించడానికి కారణం అదే. వామి తీసేటప్పుడు చేతులు పెట్టే ముందు పంగలకర్రతో పైపొర లాగండి. కాళ్లకు బూట్లు వేసుకోండి.

ప్రశ్న: మా ఊళ్లో మంత్రం వేసే పెద్దాయన వందమందిని బతికించాడు. డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్లు చచ్చిపోయారు. దీనికేమంటారు?
— పాఠకుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఆ వందమందినీ కరిచిన పాములేవో ఎవరైనా చూశారా? మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువవాటికి విషం లేదు. విషం ఉన్నవి కూడా కొన్నిసార్లు విషం వదలకుండానే కరుస్తాయి. అలాంటి మనిషికి వేపాకు నమిలించి "చేదు తెలుస్తోందా?" అని అడిగినా బతుకుతాడు, అడగకపోయినా బతుకుతాడు. నిజంగా విషం ఎక్కినవాడు మంత్రం దగ్గర మూడు గంటలు కూర్చుని, నురగలు వచ్చాక ఆసుపత్రికి చేరతాడు. చావు డాక్టరు ఖాతాలో పడుతుంది. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు 12 లక్షలమంది చనిపోయారు. ఏడాదికి 58,000 మంది. సగం చావులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. ఎక్కువ చావులు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పెద్దాయనతో తగవు వద్దు. మా బీటులో ఒక మంత్రగాడితో నేను చేసుకున్న ఒప్పందం మీకు చెబుతాను: "మంత్రం వేయి, కానీ ఆటోలో పక్కన కూర్చుని వేయి." ఆయన ఒప్పుకున్నాడు. ఆసుపత్రి గేటు దాకా వేసేవాడు.

కరిచిన చోట కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వస్తే అవే ఉరితాళ్లవుతాయి. కరిచిన చేతినో కాలినో కర్ర ఆసరాతో కదలకుండా ఉంచండి. ఎవరైనా ముందే తాడు బిగించి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరు చూసి విప్పుతారు. పామును చంపి సంచిలో తేనక్కర్లేదు. ఆసుపత్రిలో గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే పింజర విషం ఎక్కినట్టు. చంపిన పాము చెప్పలేని సంగతి ఆ గొట్టం చెబుతుంది. మొదటి విడతగా మామూలుగా పది సీసాల మందు ఎక్కిస్తారు. పసిపిల్లలకైనా అంతే, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి కరవదు.

ప్రశ్న: పామును చంపితే దాని జంట పగబడుతుందా?
— పోస్ట్‌మాన్ (గుమ్మంలో అడిగినది)

జవాబు: లేదు నాయనా. నువ్వు రోజూ ఇంటి ముందు నుంచి వెళ్లినా గుర్తుపట్టదు.

ప్రశ్న: నా వయసు 22. ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకుని ఇప్పటికి 40 పాములు పట్టాను. వీడియోకు లింకు పంపుతున్నాను. నాకు మంచి పాము కర్ర ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరు.
— యువకుడు, విజయనగరం జిల్లా

జవాబు: చెప్పను. అటవీ శాఖ అనుమతి లేకుండా పాములు పట్టడం నేరం. ముందు మీ రేంజి కార్యాలయానికి వెళ్లి, పేరు రాయించుకుని, అనుభవం ఉన్నవాళ్ల వెనక రెండేళ్లు సంచి పట్టుకుని తిరగండి. నాకు తెలిసిన ఇద్దరు మంచి పాములవాళ్లు అలాగే మొదలయ్యారు. మూడోవాడు మీలాగే మొదలయ్యాడు. ఇప్పుడు అతనికి కుడిచేతికి మూడు వేళ్లు.

మీ వీడియో రెండుసార్లు చూశాను. ఒక చేతిలో నాగుపాము తోక, రెండో చేతిలో సంచి. మరి ఫోను పట్టుకున్నది ఎవరు? చివర్లో "అన్నయ్యా, అమ్మ పిలుస్తోంది" అని ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. పాము పడగ ఆ సమయంలో ఆ గొంతు వైపే తిరిగి ఉంది.